క్రొత్త తొట్టిలో బెదరిన చేపలు

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పము ప్రాంతముల రైతుల యిండ్లలో చేపల అద్దపు తొట్టి కనబడుట యిప్పుడు వింత గాదు. పిల్లల ముచ్చటకై కొందరును, ముందుగదికి అందమని కొందరును చెన్నైకో బెంగుళూరికో పోయినప్పుడు రంగుచేపలను తెచ్చుచున్నారు. చెన్నైలోని కొళత్తూరు ఈ వ్యాపారమునకు పేరుపొందిన స్థలము. అయితే తెచ్చిన వారము లోపలనే అవి యొక్కొక్కటిగా వెల్లకిల పడుచున్నవనియు, అంగడివాడు రోగపు చేపను అంటగట్టెననియు సభ్యులు కొందరు మాతో చెప్పుచుందురు. అంగడివాని తప్పు ఒక్కొక్కప్పుడు ఉండవచ్చును. కాని పెక్కు సారులు చేప చచ్చుట రోగముచేత గాదు, తెచ్చినవారి తొందరచేత. తొట్టి యేనాడు కొనిరో ఆనాడే నీరు నింపి, ఆ సాయంకాలమే చేపను విడుచుట మన యిండ్లలో వాడుకయైనది. ఈ వాడుకయే చేపకు మృత్యువు.

ఇట్లు తెచ్చు చేపలలో ఏంజెలు, ఆస్కారు, డిస్కసు, ఫ్లవర్‌హార్ను అనునవి విరివిగా కనబడును. ఇవన్నియు సిక్లిడు అను ఒక్క కుటుంబమునకు చెందినవి. మన చెరువులలో దొరకెడు జిలేబి చేపయు ఈ కుటుంబములోనిదే. మలయాళ దేశమువారు కరిమీను అని మెచ్చుకొనెడిదియు నిదియే కుటుంబము. దానిని కేరళ ప్రభుత్వము 2010లో రాష్ట్ర మత్స్యముగా ప్రకటించెను. ఈ కుటుంబపు చేపలు మిగిలిన రంగుచేపలవంటివి గావు. ఇవి తల్లిదండ్రులు బిడ్డలను సాకునట్లు పిల్లలను కాచుకొనును. జిలేబి తల్లి గ్రుడ్లను నోటనే దాచి పొదుగును. ఒక రాతిచాటునో కుండచాటునో తమదని యెంచుకొని, గట్టు తగవులాడు రైతువలె దానికై పోరాడును. తెలివి గల ప్రాణి గనుకనే బెదురును ఎక్కువ. సంతలో కొనితెచ్చిన ఆవు క్రొత్త కొట్టములో రెండుమూడు నాళ్లు గడ్డి సరిగా ముట్టకుండుట మన మెరుగుదుము. చేప సంగతియు అట్టిదే. భేద మేమనగా, ఆవు బెదరినను పీల్చు గాలి మారదు. చేపకు పీల్చు గాలియే మారిపోవును.

మొదట ప్రయాణపు సంగతి. అంగడివాడు చేపను ప్లాస్టిక్కు సంచిలో మూడవవంతు నీరు, తక్కినది ప్రాణవాయువు నింపి కట్టి యిచ్చును. చెన్నై నుండి చిత్తూరు మీదుగా కనుమ లెక్కి పలమనేరు చేరునప్పటికి చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు సంచినీటిలో నిండి, నీటికి పులుపుగుణము వచ్చును. చేప మలమూత్రముల అమోనియాయు అందు చేరును. నీరు పులుపుగా నున్నంతవరకు ఆ అమోనియా అంతగా బాధింపదు. సంచి మూతి విప్పినంతనే బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోవును, పులుపు తగ్గును, అంతవరకు అణగియున్న అమోనియా విషమగును. కావున ఇంటికి వచ్చినంతనే సంచిని విప్పి, అందరికిని చూపుచు, గంటసేపు అట్లే యుంచుట మిక్కిలి కీడు. కట్టు విప్పకయే సంచిని తొట్టినీటిపై ఇరువది నిమిషములు తేలనిచ్చినచో రెండు నీళ్ల వెచ్చదనము సమమగును. పిమ్మట విప్పి, పది పదునైదు నిమిషములలో రెండు మూడు గిన్నెల తొట్టినీటిని కొంచెము కొంచెముగా సంచిలో పోసి, చేపను మాత్రము చిన్నవలతో ఎత్తి విడువవలెను. సంచినీటిని తొట్టిలో పోయరాదు. చెరువులో చేపపిల్లలను వదలువారికిని ఈ పద్ధతియే తగును. మిట్టమధ్యాహ్నపు టెండలో సంచులు తెగగోసి గుమ్మరించుట కంటె ప్రొద్దుపొడుపు వేళనో, ప్రొద్దు వాలిన పిమ్మటనో విడుచుట మేలు.

వెచ్చదనము మాట వచ్చినది గాన మన ప్రాంతపు విశేష మొకటి చెప్పవలసియున్నది. పలమనేరు సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు మించిన యెత్తున నున్నది. మార్గశిర పుష్యములలో రాత్రి చలి చెన్నైవారికి తెలియదు. అచ్చట 28 డిగ్రీల నీటిలో పెరిగిన చేప ఇచ్చట 19, 20 డిగ్రీల నీటిలో పడినచో ముడుచుకొనిపోవును. తెల్లచుక్కల తెగులు తరచుగా ఇట్టి సమయముననే తగులును. నీటిని వెచ్చబెట్టు విద్యుత్కడ్డీ యొకటి, లీటరునకు సుమారొక వాటు చొప్పున, చలికాలమున తప్పదు. డిస్కసునకు 28 మొదలు 30 డిగ్రీల వరకును, తక్కిన వానికి 25 మొదలు 28 వరకును చాలును.

ఇక నీరు. మన బోరుబావుల నీరు గట్టినీరు; బిందెల అడుగున తెల్లని పెచ్చు గట్టుట ప్రతి యింటను చూచునదే. ఆఫ్రికా ఖండపు మలావి, టాంగన్యికా సరస్సుల సిక్లిడులకు ఈ నీరు నచ్చును. అమెజాను నదీప్రాంతపు డిస్కసు, ఏంజెలు చేపలకు మెత్తని నీరు పుట్టినిల్లు. వీనికి శుభ్రముగా పట్టిన వాననీటిని కలిపి మెత్తబరచుట మంచిది. అయినను మన చుట్టుప్రక్కల గట్టినీటిలోనే పుట్టి పెరిగిన పిల్లను కొనుట అంతకంటె సులభము. బోరునీరు పైకి వచ్చినప్పుడు ప్రాణవాయువు తక్కువగా నుండును గనుక ఒక దినము గాలిపంపుతో కదలించి వాడవలెను. కుళాయినీటిలో బ్లీచింగు వాసన యున్నచో అదియు ఒక దినము గాలి తగిలిన పోవును. తొందర గలవారు అంగడిలో దొరకెడు విరుగుడును వాడుకొనవచ్చును.

ఇంతవరకు చెప్పినవి ఒక్క దినపు జాగ్రత్తలు. పెక్కు చేపలను చంపునది మరియొకటి కలదు. అది కంటికి కనబడదు. తొట్టినీరు అద్దమువలె తేటగా నున్నను అందు అమోనియా నిండియుండవచ్చును. చేప మొప్పల నుండి అమోనియా సదా వెలువడుచుండును. తినక మిగిలిన మేత క్రుళ్లి మరికొంత చేరును. చెరువులో దీనిని కొన్ని సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చివేయును. మొదటి రెండును విషములు. కడపటిది పైరుకు ఎరువు, చేపకు కొలదిగా నున్నంతవరకు హాని లేనిది. క్రొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు లేవు. అవి వడపోత దూదిలోను, గులకరాళ్లపైనను స్థిరపడుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఈలోపల చేపను విడుచువాడు దానిని దాని మూత్రములోనే ముంచుచున్నాడన్నమాట.

ఆ సూక్ష్మజీవులను ముందుగా పెంచుట యెట్లని అడుగుదురు. పాలు తోడు పెట్టుటవంటిదే. పొరుగింట ఆరోగ్యముగా నడచుచున్న పాత తొట్టి యున్నచో, దాని వడపోత దూదిలో కొంతభాగము, తడి ఆరకుండ తెచ్చి మన తొట్టిలో నుంచినచో అది తోడువలె పనిచేయును. తోడు దొరకనివారు చేప లేని తొట్టిలో రోజుకొక చిటికెడు మేత వేయుచు, వడపోతను రేయింబవళ్లు నడపుచు నెల దినములు ఓపికపట్టవలెను. అమోనియా, నైట్రైటు చూచు పరీక్షసీసాలు రంగుచేపల అంగళ్లలో దొరకును. ఆ రెండును లేవని రంగు తెలిపిన పిమ్మటనే చేపను తేవలెను. ఈ నెల దినములు ఖాళీ తొట్టిని చూచి పిల్లలు విసుగుకొందురు. విసుగుకొననిండు. వడపోత దూదిని కుళాయిక్రింద నుతుకరాదు. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. కరెంటు గంటల తరబడి పోయినప్పుడు ఆ జీవులకును ఊపిరాడదు. బ్యాటరీ గాలిపంపు ఒకటి యుంచుకొనుట అక్కరకు వచ్చును.

చేప వచ్చిన దినమున తొట్టి దీపము వెలిగింపరాదు, మేత వేయరాదు. పిల్లలు అద్దముపై కొట్టుట మాన్పవలెను. చేప మూలను నక్కుట, రంగు వెలవెల బోవుట, మేనిపై నల్లని చారలు తేలుట, రెక్కలు ముడుచుట, ఇవి బెదురు గుర్తులు. ఆస్కారు చేప మరియు వింతది. క్రొత్తచోట అలిగినట్లు అడుగున ప్రక్కవాటుగా పండుకొనును. చచ్చెననుకొని దానిని బయటకు తీసినవారును కలరు! మొప్పలు నెమ్మదిగా ఆడుచున్నంతవరకు దానిని కదపకుండుటయే వైద్యము. మరునాడో మూడవనాడో రెండు నిమిషములలో తిని ముగించునంత మేత మాత్రము వేయవలెను. వారము వరకు సరిగా తినకున్నను ఆరోగ్యవంతమైన పెద్ద చేపకు ప్రమాదము లేదు.

దాగుటకు చోటు లేని తొట్టిలో బెదురు తీరదు. ఇందుకు మన పలమనేరు కుమ్మరులకంటె మేలైన సహాయము ఎవ్వరును చేయజాలరు. రంగు గాని మెరుగు గాని పూయని ఎఱ్ఱమట్టి చట్టిని అంచు కొంచెము కొట్టి ప్రక్కవాటుగా పడవేసినచో సిక్లిడునకు అదియే యిల్లు. అంగడిలోని ప్లాస్టిక్కు కోటలకంటె ఇది చవుక, చూపునకును అందము. చేపకొక చట్టి చొప్పున, ఒకదాని ద్వారము మరియొకదానికి కనబడకుండ అమర్చవలెను. పాత చేపలున్న తొట్టిలో క్రొత్తదానిని విడుచునప్పుడు ముందుగా ఆ చట్లను, రాళ్లను స్థానము మార్చివేసినచో పాతవాని సరిహద్దులు చెరగి, అన్నియు క్రొత్తవే యగును, పోరు తగ్గును. పైనీటిలో గుంపుగా తిరుగు చేపలు కొన్ని యున్నను అడుగునున్న చేపకు ధైర్యము కలుగును. ఆస్కారువంటి పెద్దనోటి చేప యున్నచోట మాత్రము అవి మేత కాకుండునంత పెద్దవై యుండవలెను. ఫ్లవర్‌హార్నును మాత్రము ఒంటిగానే యుంచుట మంచిది.

తొట్టి పెద్దదిగా నుండవలెను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గలది అంచువరకు నింపిన 190 లీటర్లు పట్టును. ఒక ఏంజెలు జంటకు ఇది చాలును. అడుగు పొడవు పెరుగు ఆస్కారునకు ఇదియు ఇరుకే.

చేప నీటిపైకి వచ్చి గాలికై నోరు తెరచుచున్నను, మొప్పలు వేగముగా కొట్టుకొనుచున్నను అది వట్టి బెదురు గాదు, నీరు చెడినది. వెంటనే మూడవవంతు నీటిని తీసి, సమమైన వెచ్చదనము గల నిలువనీటిని పోయవలెను. లీటరునకు ఒక గ్రాము ఉప్పు కలిపినచో నైట్రైటు చేప రక్తములోనికి దిగుట తగ్గును. నీలిమందు, సూక్ష్మజీవనాశక మందులు చేతికందినవెల్ల పోయుట మాత్రము కూడదు. రోగమున్నదో లేదో గాని, ఎంతో ఓపికతో పెంచిన ఆ మేలుచేయు జీవులు కూడ వానితో నశించును.

ఇన్నియు చదివి ఈ బరువు మాకేలయని తొట్టిని వదలుకొన దలచువారికి ఒక మాట. ఆ చేపలను తిరిగి అంగడికో, పెంచుకొను మరియొకరికో ఇయ్యుడు. చెరువులోగాని, కౌండిన్యనదిలోగాని విడువకుడు. ఆఫ్రికా జిలేబిని 1952లో మన దేశమునకు తెచ్చిరి. అది ఏడాదికి పలుమార్లు పిల్లలు పెట్టి, చెరువుల నిండ ప్రాకి, తానును పొట్టిగా మిగిలి, తక్కిన చేపల మేతను హరించుట చూచి 1959లోనే దాని వ్యాప్తిని నిషేధింప నిర్ణయించిరి. అప్పటికే అది చేయిదాటినది. నేడును చెరువు వేలమునకు తీసికొన్న సంఘములవారు వల లాగినప్పుడు బొచ్చె, రోహుల నడుమ అరచేతి పొడవైనను లేని జిలేబిలు ఎన్ని పడునో లెక్కించి చూడవచ్చును.