గంటకు 120 వెనుక పన్నెండేళ్లు

న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌లో అజ్మీరీ గేట్ వైపు బయటికొస్తే దగ్గర్లోనే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో స్టేషన్ ఉంటుంది. అక్కడ రైలెక్కితే ఇందిరాగాంధీ విమానాశ్రయం మూడో టెర్మినల్‌కు సుమారు 16 నిమిషాలు. ఇవాళ ఎవరికీ వింతగా తోచని ఈ ప్రయాణం ఇంత సాఫీగా మారడానికి పన్నెండేళ్లు పట్టింది. హైదరాబాద్ విమానాశ్రయానికి మెట్రో కోసం చూస్తున్న మనం ఆ పన్నెండేళ్ల లెక్క తెలుసుకోవాలి.

135 నుంచి సున్నాకు

ఈ మార్గం 2011 ఫిబ్రవరి 23న మొదలైంది. న్యూఢిల్లీ నుంచి ద్వారకా సెక్టార్ 21 దాకా 22.7 కిలోమీటర్లు, ఆరు స్టేషన్లు. గంటకు 135 కిలోమీటర్ల వేగానికి డిజైన్ చేశారు. సివిల్ నిర్మాణం ఢిల్లీ మెట్రో సంస్థది. రైళ్లు తెచ్చి, 30 ఏళ్లు నడిపే ఒప్పందం రిలయన్స్ ఇన్‌ఫ్రా నేతృత్వంలోని ప్రైవేటు సంస్థది.

ఏడాదిన్నర తిరక్కుండానే, 2012 జులైలో రైళ్లు ఆగిపోయాయి. స్తంభాల మీద వెళ్లే భాగంలో గర్డర్ల కింద ఉండే బేరింగుల్లో లోపాలు బయటపడ్డాయి. గర్డర్ బరువును స్తంభానికి దించేది, ఎండకు గర్డర్ సాగినా చలికి కుంచించుకున్నా సర్దుకునేది ఈ బేరింగే. మార్గంలో ఎక్కువ భాగం భూగర్భంలోనే ఉంది. స్తంభాల మీద ఉన్నది మూడో వంతుకు లోపే. ఆ కొద్ది భాగంలోని లోపానికి మొత్తం మార్గం ఆరున్నర నెలలు మూతపడింది.

50 నుంచి మళ్లీ పైకి

మరమ్మతుల తర్వాత 2013 జనవరి 22న రైళ్లు మళ్లీ కదిలాయి, అయితే గంటకు 50 కిలోమీటర్ల పరిమితితో. ప్రైవేటు సంస్థ తప్పుకోవడంతో అదే ఏడాది జులై 1న ఢిల్లీ మెట్రోయే నిర్వహణను చేతుల్లోకి తీసుకుంది. అక్కడి నుంచి ఒక్కో మెట్టే ఎక్కుతూ 2023 మార్చిలో 100, జూన్‌లో 110, సెప్టెంబరు 17న 120కి చేరింది. అదే రోజు మార్గం యశోభూమి స్టేషన్ దాకా పెరిగి 25 కిలోమీటర్లకు దగ్గరైంది. ఇప్పుడు ఆ చివరి నుంచి ఈ చివరికి సుమారు 21 నిమిషాలు. అంటే మధ్యలో ఆగే సమయం కలుపుకున్నా సగటు వేగం గంటకు 70 కిలోమీటర్లు దాటుతుంది.

ఒప్పందం రద్దుపై తగాదా మాత్రం 2024 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు క్యూరేటివ్ పిటిషన్‌పై తీర్పు ఇచ్చేదాకా సాగింది. ప్రైవేటు సంస్థకు అనుకూలంగా 2017లో వచ్చిన ఆర్బిట్రేషన్ అవార్డును కోర్టు పక్కనపెట్టింది.

జనాన్ని తెచ్చింది ఏది?

120 రాకముందే జనం వచ్చారు. నిర్వహణ చేతులు మారిన 2013లో ప్రయాణికులు రోజుకు పది వేల ప్రాంతంలో ఉండేవారు. 2015 సెప్టెంబరులో టెర్మినల్‌కు టికెట్‌ను ₹100 నుంచి ₹60కి తగ్గించారు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే రోజువారీ ప్రయాణికుల సంఖ్య యాభై వేలు దాటింది. వీళ్లందరూ విమానం ఎక్కేవాళ్లు కారు. ఏరోసిటీలో పనిచేసేవాళ్లు, ద్వారకాలో బ్లూ లైన్‌కు మారేవాళ్లు కూడా ఇందులో ఉన్నారు.

రెండో కారణం, పక్క మార్గాలతో కలపడం. 2019 ఫిబ్రవరిలో ధౌలాకువా స్టేషన్‌ను పింక్ లైన్‌తో కలుపుతూ, నడవకుండానే ముందుకు తీసుకెళ్లే ట్రావెలేటర్లతో కిలోమీటరుకు పైగా పొడవున్న వంతెన తెరిచారు. దాని అవతలి కొసన ఉన్న స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమహేంద్రవరంలో పుట్టిన మన దుర్గాబాయమ్మే ఆవిడ.

మన లెక్క

హైదరాబాద్‌లో 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగిన రాయదుర్గం–శంషాబాద్ మార్గం 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్. ప్రభుత్వం మారాక దాన్ని పక్కనపెట్టి, ఎల్‌బీ నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా నాగోలు–శంషాబాద్ మార్గాన్ని ప్రతిపాదించారు: 36.8 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. ఢిల్లీలో సగటున నాలుగు కిలోమీటర్లకో స్టేషన్ ఉంటే, ఇక్కడ సుమారు 1.6 కిలోమీటర్లకొకటి. విమానం అందుకోవాల్సిన వాళ్లకు ప్రతి స్టాపూ కొంత ఆలస్యమే. అయినా దారిలోని బస్తీలకు ఇది రోజువారీ రైలవుతుంది. ఢిల్లీలో రైలు నింపినవాళ్లలో రోజువారీ జనమూ ఉన్నారు కాబట్టి, ఈ ఎంపికను నేను సమర్థిస్తాను.

అందుకే మనకూ మెట్రో వస్తోందన్నప్పుడు గరిష్ఠ వేగం ఎంతని అడిగి ఊరుకోవద్దు. టికెట్ ఎంత? ఎన్ని చోట్ల వేరే మార్గానికి నడిచి మారవచ్చు? తెల్లవారుజామున మొదటి రైలు ఎన్నింటికి? గర్డర్ల కింద బేరింగులను ఎవరు, ఎన్నాళ్లకోసారి పరీక్షిస్తారు? ఈ చివరి ప్రశ్న 2011కు ముందే గట్టిగా అడిగి ఉంటే, ఢిల్లీ జనం 120 కోసం పన్నెండేళ్లు ఆగాల్సి వచ్చేది కాదు.