జపాను బొమ్మలకు హాలీవుడ్ ముఖాలు

జపాను దేశంలో బొమ్మల కథల పుస్తకాలను ‘మాంగా’ అంటారు. బొమ్మలకు కదలిక కల్పించి తీసే చిత్రాలను ‘అనిమే’ అంటారు. ఇవి చిన్నపిల్లల కాలక్షేపానికి మాత్రమే ఉద్దేశించినవి కావు. బడి పిల్లలతోపాటు ఉద్యోగాలు చేసుకొనే పెద్దలు కూడా అక్కడ మాంగా చదువుతారు. ఒసాము తెజుకా అనే చిత్రకారుడు 1952లో ‘ఆటమ్’ అనే మరబాలుడి కథను గీయడం ప్రారంభించాడు. 1963 జనవరి 1న ఆ కథ అనిమేగా మారి జపాను టెలివిజన్‌లో ధారావాహికగా మొదలైంది. నేడు అనిమే మన ఊళ్లకూ వచ్చింది. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ అనే చిత్రం తెలుగు మాటలతో కూడా మన దేశంలో విడుదలైంది.

ఇంత ఆదరణ ఉన్న కథల మీద హాలీవుడ్ నిర్మాతల కన్ను పడడం సహజమే. బొమ్మల స్థానంలో నటీనటులను పెట్టి వారు ఆ కథలను మళ్లీ తీస్తున్నారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. జపాను కథలోని పాత్రను ఎవరు ధరించాలి? కథ దేశం దాటినప్పుడు పేర్లు, ఊళ్లు, ఆచారాలు ఎంతవరకు మారవచ్చు?

“మూలంలోని బొమ్మలే జపానువారిలా లేవు కదా! అంతంత కళ్లు, కొందరికి పసుపుపచ్చ జుట్టు. అలాంటప్పుడు తెల్లజాతి నటులు వేస్తే తప్పేమిటి?” అని కొందరు వాదిస్తారు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో మన యానాం వలెనే భాగమైన మాహేలో పుట్టి, అమెరికాలో పెరిగి, పేరుపొందిన దర్శకుడు ఎం. నైట్ శ్యామలన్ కూడా ఇటువంటి మాటే చెప్పాడు. ఆయన 2010లో తీసిన ‘ది లాస్ట్ ఎయిర్‌బెండర్’కు మూలం అమెరికాలో తయారైన బొమ్మల ధారావాహిక. అయితే దాని గీత అనిమే పద్ధతిది, అందులోని లోకం ఆసియా ఖండపు లోకం. సినిమాలో ముగ్గురు ముఖ్య బాలపాత్రలకు తెల్లజాతి నటులను తీసుకున్నారు. శత్రురాజ్యపు యువరాజు పాత్ర మాత్రం భారత సంతతి నటుడు దేవ్ పటేల్‌కు వచ్చింది. దర్శకుడు మనవాడైనంత మాత్రాన ఎంపిక న్యాయంగా ఉంటుందనుకోవడానికి లేదు.

ఆ పెద్ద కళ్ల సంగతి తెలుసుకోవాలి. తెజుకాకు వాల్ట్ డిస్నీ చిత్రాలంటే ప్రాణం. ఆ ప్రభావంతో గీసిన పెద్ద కళ్లే తరువాతివారికి ఒరవడి అయ్యాయి. ముఖంలో భావం పలికించడానికి అవి అనుకూలం. జపాను పాఠకుడు ఆ కళ్లను చూసి ‘వీడు విదేశీయుడు’ అనుకోడు. కథ టోక్యోలో జరుగుతుంటే, పిల్లవాడి పేరు జపాను పేరైతే, వాడు తనవాడే. మన ‘చందమామ’ను తలచుకోండి. 1947 జులైలో మద్రాసు నుండి తెలుగులో ‘చందమామ’గా, తమిళంలో ‘అంబులిమామ’గా వెలువడింది. తరువాత కన్నడంలో చందమామ, మరాఠీలో చాందోబా, ఒడియాలో జహ్నమాము వచ్చాయి. శవాన్ని భుజాన వేసుకొని నడిచే విక్రమార్కుడి బొమ్మ అన్నింటిలోనూ ఒకటే. దానిని గీసిన శంకర్ తమిళుడు. అయినా తెలుగు పిల్లలకు ఆ రాజు తెలుగువాడు, పక్కింటి తమిళ పిల్లలకు తమిళుడు. గీతకు చూసేవారు తమ రూపాన్నే ఇచ్చుకుంటారు. నటుడి విషయంలో ఆ వెసులుబాటు లేదు. అతని ముఖం అతనిదే.

హాలీవుడ్‌కు ఈ విషయంలో పాత చరిత్ర ఉంది. చైనా రైతు కుటుంబం కథ ‘ది గుడ్ ఎర్త్’ను 1937లో సినిమాగా తీసినప్పుడు భార్యాభర్తల పాత్రలను తెల్లజాతి నటులకు ఇచ్చారు. ఆ భార్య పాత్రను ఎంతో కోరుకున్న చైనా సంతతి నటి అన్నా మే వాంగ్‌కు అది దక్కలేదు. పాత్ర ధరించిన లూయిస్ రైనర్‌కు ఆస్కార్ బహుమతి వచ్చింది. నటుల ముఖాలకు రంగు పూసి, కళ్ల ఆకారం మార్చి ఆసియావారుగా చూపే ఆ పద్ధతి ఇప్పుడు దాదాపు పోయింది. దాని బదులు పాత్రనే తెల్లజాతి పాత్రగా మార్చడం వచ్చింది.

2009లో వచ్చిన ‘డ్రాగన్‌బాల్ ఎవల్యూషన్’ ఇందుకు ఉదాహరణ. దీని మూలం అకిరా తొరియామా 1984 నుండి 1995 వరకు గీసిన ‘డ్రాగన్ బాల్’. కథానాయకుడు గోకు. అతని పూర్తి పేరు సోన్ గోకు. చైనీయుల ప్రాచీన నవల ‘పడమటి యాత్ర’లోని వానరవీరుడు సున్ ఉకోంగ్ పేరును జపానువారు పలికే తీరే అది. చేతిలో పెరిగే దండం, ఎక్కి తిరగడానికి మేఘం, వెనుక తోక, అన్నీ ఆ వానరుడివే. ఆ నవలలో భారతదేశానికి బయలుదేరే బౌద్ధ భిక్షువు మరెవరో కాదు, మీరు చరిత్ర పాఠంలో చదివిన హ్యూయన్‌త్సాంగ్. ఆయన ఏడవ శతాబ్దంలో మన ధాన్యకటకం, అంటే అమరావతి ప్రాంతానికి కూడా వచ్చాడు. ఇంత దూరం నడిచివచ్చిన కథ హాలీవుడ్‌లో అమెరికా హైస్కూలు కుర్రవాడి కథగా మారింది. జస్టిన్ చాట్విన్ అనే నటుడు గోకు వేషం వేశాడు. తోటి విద్యార్థులు ఏడిపించడం, పార్టీకి పిలుపు రావడం వంటి సన్నివేశాలు చేరాయి. తన సూచనలను వారు పట్టించుకోలేదని తొరియామా తరువాత చెప్పుకొన్నాడు. రచయిత బెన్ రామ్సే 2016లో అభిమానులకు క్షమాపణ చెప్పాడు. నా దృష్టిలో ఈ చిత్రంలో నటుడి జాతి కన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. ఆ కథ ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకోవాలన్న ఆసక్తి తీసినవారిలో కనిపించదు.

అసలు వివాదం ‘ఘోస్ట్ ఇన్ ది షెల్’తో చెలరేగింది. మసమునే షిరో 1989లో ప్రారంభించిన మాంగా ఆధారంగా మమోరు ఒషీ 1995లో తీసిన అనిమే ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అందులో మోతోకో కుసనాగి అనే పోలీసు అధికారిణి ఉంటుంది. ఆమెలో మెదడు మాత్రమే మనిషిది, దేహమంతా యంత్రం. ‘ఇంతకీ నేను ఎవరిని?’ అన్నది ఆమె ప్రశ్న. 2017లో రూపర్ట్ శాండర్స్ దర్శకత్వంలో హాలీవుడ్ ఈ కథను తీసింది. కథానాయికగా స్కార్లెట్ జోహాన్సన్‌ను ప్రకటించగానే అభ్యంతరాలు వచ్చాయి. ఆమెను మార్చాలని లక్షమందికి పైగా సంతకాలు చేశారు. నిర్మాతలు మార్చలేదు.

సినిమాలోని నగరం మాత్రం ఆసియా నగరమే. వీధులు, బోర్డులు, జనం అన్నీ అటువే. పోలీసు అధికారి అరమాకిగా నటించిన తకేషి కితానో జపాను భాషలోనే మాట్లాడతాడు. మిగిలినవారు ఇంగ్లీషులో జవాబిస్తారు. ఈ నడుమ కథానాయిక పేరు మీరా కిలియన్. చివరికి రహస్యం బయటపడుతుంది. ఆమె నిజానికి మోతోకో కుసనాగి అనే జపాను అమ్మాయి. ఒక సంస్థ ఆమె మెదడును తీసి, తెల్లజాతి స్త్రీ రూపంలో ఉన్న యంత్రదేహంలో పెట్టి, పాత జ్ఞాపకాలను చెరిపివేసింది. కూతురు లేదనుకొని బ్రతుకుతున్న తల్లిగా జపాను నటి కఓరి మొమోయి నటించింది. చిత్రంలో మనసును తాకే ఘట్టం ఆ తల్లి ఇంట్లోదే. జపాను అమ్మాయిని తీసి తెల్లజాతి దేహంలో పెట్టారన్న ఆరోపణ ఏదైతే చిత్రం మీద వచ్చిందో, చిత్రకథ కూడా అదే! అయినా అది అన్యాయమన్న స్పృహ కథలో నిలబడదు. ఆమె తన దేహం గురించి బాధపడుతుందే గాని, ఆ దేహం ఎందుకు అలా ఉందని ఎవరూ అడగరు.

ఆశ్చర్యమేమిటంటే మూల దర్శకుడు ఒషీకి ఈ ఎంపికలో తప్పు కనిపించలేదు. ఆమె దేహం తెచ్చిపెట్టుకొన్నది కనుక ఆసియా నటే వేయాలనడానికి ఆధారం లేదని ఆయన అన్నాడు. జపానులో పెద్దగా కోపం కూడా రాలేదు. కోపమంతా అమెరికాలోని ఆసియా సంతతివారిది. ఎందుకు?

జపానులో ఏ రోజు టెలివిజన్ పెట్టినా జపాను ముఖాలే. అక్కడి ప్రేక్షకుడికి హాలీవుడ్ తార తమ కథలో నటించడం ఒక విధంగా గొప్ప. అమెరికాలో పుట్టిన జపాను సంతతి నటికి అలా కాదు. ఆమెకు సరిపోయే కథానాయిక పాత్రలు ఏళ్ల తరబడి రావు. వచ్చిన ఒక్కటీ చేయి దాటిపోతే మిగిలేది దుకాణదారు, నర్సు వేషాలే. పైగా వారికి చేదు జ్ఞాపకం ఒకటి ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుండి, అమెరికా ప్రభుత్వం సుమారు 1,20,000 మంది జపాను సంతతివారిని శిబిరాలలో నిర్బంధించింది. వారిలో ఎక్కువమంది అమెరికా పౌరులే. నటుడు జార్జ్ టకేయి చిన్నతనం అటువంటి శిబిరంలో గడిచింది. 2011లో ‘అకిరా’ అనే అనిమేను తెల్లజాతి నటులతో తీస్తారన్న వార్త వచ్చినప్పుడు గట్టిగా అభ్యంతరం చెప్పినవారిలో ఆయన ఒకడు.

వేరే భాష మాట్లాడే రాష్ట్రంలో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే మీకు ఈ తేడా త్వరగానే బోధపడుతుంది. హైదరాబాదులో తెలుగు పాట వినిపించడం విశేషం కాదు. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఒక వేడుకలో ఒకే ఒక తెలుగు పాటకు చోటు దొరికితే, దానిని ఎవరు పాడతారన్నది చిన్న విషయం కాదు.

అలాగని కథలు చోటు మారకూడదా? తప్పక మారవచ్చు. 2013లో మలయాళంలో వచ్చిన ‘దృశ్యం’ మీకు తెలిసే ఉంటుంది. కేబుల్ టీవీ నడుపుకొనే జార్జికుట్టి 2014లో తెలుగులో రాంబాబు, కన్నడంలో రాజేంద్ర పొన్నప్ప అయ్యాడు. 2015లో తమిళంలో సుయంబులింగం, హిందీలో గోవాకు చెందిన విజయ్ సల్గావ్‌కర్ అయ్యాడు. మలయాళ నటుడే వేయాలని ఎవరూ పట్టుబట్టలేదు. కారణం, ప్రతిచోటా మొత్తం సంసారం కదిలింది. ఇల్లు, తిండి, మాట, పోలీసు స్టేషను అన్నీ ఆ ఊరివే అయ్యాయి. జపాను వీధిని అలాగే ఉంచి అందులోని మనిషిని మాత్రం మార్చడం వేరు.

2017లోనే నెట్‌ఫ్లిక్స్ తీసిన ‘డెత్ నోట్’ మొదటి దారినే ఎంచుకుంది. పేరు రాస్తే ఆ మనిషి చనిపోయే పుస్తకం ఒక విద్యార్థికి దొరకడం ఇందులోని కథ. టోక్యో కథ సియాటిల్ నగరానికి వెళ్లింది. లైట్ యాగామి పేరు లైట్ టర్నర్ అయింది. ఇందులో దోషం లేదు. అయితే మూలంలోని యాగామి పరీక్షల్లో దేశంలోనే ముందుండే విద్యార్థి, అందరూ మెచ్చుకొనే బిడ్డ. అటువంటివాడు తానే న్యాయదేవతనని విర్రవీగడంలో ఉంది ఆ కథ భయం. టర్నర్ డబ్బు తీసుకొని ఇతరులకు ఇంటిపని రాసిపెట్టే బెదురుచూపుల కుర్రవాడు. ఊరు మారడంతో కథ చెడలేదు, మనిషి మారడంతో చెడింది.

ప్రసిద్ధ తార లేనిదే పెట్టుబడి రాదని నిర్మాతలు చెబుతారు. అవకాశం లేనిదే తార ఎలా అవుతారని నటులు అడుగుతారు. ‘ఘోస్ట్ ఇన్ ది షెల్’కు సుమారు 11 కోట్ల డాలర్లు ఖర్చయింది. అమెరికాలో ఆశించినంత ఆదరణ రాలేదు. మరుసటి ఏడాది, 2018లో, దాదాపు అందరూ ఆసియా సంతతి నటులే ఉన్న ‘క్రేజీ రిచ్ ఏషియన్స్’ (ఇది అనిమే కథ కాదు) 3 కోట్ల డాలర్లతో తయారై, ప్రపంచమంతటా 23 కోట్లకు పైగా వసూలు చేసింది.

నటుడి ఎంపిక ఒక్కటే సరిపోతుందా అంటే అదీ కాదు. 2021లో వచ్చిన ‘కౌబాయ్ బీబాప్’లో నాయకుడు కొరియా సంతతి నటుడు జాన్ చో. ఎంపికను చాలామంది మెచ్చుకున్నారు. అయినా మూల దర్శకుడు షినిచిరో వతనాబే తొలి సన్నివేశం దాటి చూడలేకపోయాడు. ధారావాహిక విడుదలైన నెలలోపే ఆపివేశారు. 2023లో వచ్చిన ‘వన్ పీస్’ తీరు వేరు. దీని మాంగా కర్త ఐచిరో ఒడా నిర్మాణంలో దగ్గరుండి పాల్గొన్నాడు. తన పాత్రలు నిజలోకంలో ఏ దేశస్థులై ఉంటారని ఒక పాఠకుడు ఏనాడో అడిగితే ఆయన జవాబిచ్చాడు. లూఫీ బ్రెజిల్‌వాడు, జోరో జపానువాడు, ఉసోప్ ఆఫ్రికావాడు. నెట్‌ఫ్లిక్స్‌లో లూఫీగా మెక్సికో కుర్రవాడు ఇన్యాకి గొదోయ్, జోరోగా జపాను నటుడు మాకెన్యు, ఉసోప్‌గా ఆఫ్రికా సంతతి నటుడు వచ్చారు. బ్రెజిల్ బదులు మెక్సికో అయిందని ఒడా బాధపడలేదు. లూఫీ నవ్వు ఆ కుర్రవాడికి ఉంది.

జపానువారు కూడా ఇదే పని చేస్తారని గుర్తుంచుకోవాలి. ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ కథ ఐరోపాను పోలిన దేశంలో జరుగుతుంది. 2017లో దానిని జపానులో సినిమాగా తీసినప్పుడు నటులందరూ జపానువారే, కథానాయకుడికి పసుపుపచ్చ జుట్టు.

మరొక చిత్రం మనకు మరీ దగ్గరిది. జపాను దర్శకుడు యుగో సాకో రామాయణాన్ని అనిమేగా తీయాలని తలపెట్టినప్పుడు మన దేశంలో అభ్యంతరాలు వచ్చాయి. విదేశీయుడు రాముణ్ణి కార్టూను చేస్తాడా అన్నారు. రాముడు దేవుడు కనుక నటుడి కంటే బొమ్మే తగినదని సాకో అభిప్రాయం. ‘లవకుశ’ (1963) చూసిన తెలుగువారు ఈ మాటను అంత సులభంగా ఒప్పుకోరు. వారికి రాముడంటే ఎన్.టి. రామారావే. సాకో భారతీయ యానిమేషన్ చిత్రకారుడు రామ్ మోహన్‌ను కలుపుకొన్నాడు. మన కట్టూ బొట్టూ ఎలా ఉండాలో జపాను చిత్రకారులు మనవారిని అడిగి గీశారు. పాటలు సంస్కృతంలో కూర్చారు. 1990లలో పూర్తయిన ఆ చిత్రం చాలా కాలం మన థియేటర్లకు సరిగా చేరలేదు. 2025 జనవరి 24న తెలుగు, తమిళ, హిందీ, ఇంగ్లీషు మాటలతో మళ్లీ విడుదలైంది. అందులోని రాముడికీ కళ్లు కొంచెం పెద్దవే.