రాగితీగ పని కాగితం మీద

చైనా మింగ్ వంశపు పాత్రల మీద కనిపించే నీలిరంగు తామరతీగల నగిషీ ఇప్పుడు కాగితపు టేపు చుట్టల్లోనూ దొరుకుతోంది. డైరీల అంచులకు, ఉత్తరాలకు, కానుకల పొట్లాలకు దాన్ని అతికిస్తారు.

ఆ పాత్రలు చేసే కళ పేరు జింగ్‌తాయ్‌లాన్ (రాగిపాత్రపై తీగలతో గళ్లు కట్టి, వాటిలో రంగుగాజు నింపే పని). 1449–57 మధ్య ఏలిన జింగ్‌తాయ్ చక్రవర్తి పేరు దానికి స్థిరపడింది. కానీ అంతకుముందు షువాన్‌దె కాలపు (1426–35) ముద్ర ఉన్న పాత్రలూ ఉన్నాయి.

ముందుగా సన్నని రాగితీగను పట్టుకారుతో వంచి, జిగురుతో పాత్ర మీద నిలబెడతారు. గళ్లలో తడిపిన గాజుపొడి నింపి, సుమారు 800 డిగ్రీల సెల్సియస్‌లో కాలుస్తారు. పొడి కరిగి కుంగుతుంది. మళ్లీ నింపాలి, మళ్లీ కాల్చాలి. గళ్లు అంచుదాకా నిండాక సానపట్టి, తీగలకు బంగారు పూత పూస్తారు. మన మీనాకారిలో లోహాన్ని చెక్కి గుంటలు చేస్తారు. ఇక్కడ లోహం మీద గట్లు కడతారు. ఆ గట్టు లేకపోతే పక్కపక్క రంగులు కలిసిపోతాయి.

టేపు కథ జపాన్‌ది. కురాషికిలోని కామోయ్ కాకోషి సంస్థ 1923లో ఈగలు పట్టే జిగురు కాగితంతో మొదలైంది. తర్వాత రంగులు వేసేటప్పుడు అంచులకు అతికించే టేపులు చేసింది. 2006లో ఆ టేపులను అలంకరణకు వాడుతున్న కొందరు మహిళలు ఫ్యాక్టరీ చూపించమని కోరారు. అలంకరణ టేపులు వచ్చింది ఆ తర్వాతే. ఈ టేపు జిగురు పట్టు తక్కువ. అందుకే పీకితే కింది కాగితం సాధారణంగా చిరగదు.

కాగితం మీద రాగితీగ ఉండదు కాబట్టి, ఆ గీతను రేకుముద్రతో (వేడి అచ్చుతో మెరిసే పొరను అంటించడం) తెస్తారు. చూడటానికి బంగారమే. చాలావరకు అది పసుపు పూత పూసిన పలుచని అల్యూమినియం. ముందు రంగులు అచ్చేస్తారు, తర్వాత రేకు అద్దుతారు. రెండు అచ్చులూ వెంట్రుకవాసి తప్పినా రంగు గీత దాటి కనిపిస్తుంది. అందుకే గీతను కాస్త వెడల్పుగా గీస్తారు. రంగుల హద్దులో వచ్చిన తేడాను అది కప్పేస్తుంది. రంగులకు హద్దుగా నిలవడమనే తీగ పాత పని కాగితం మీద కూడా పూర్తిగా పోలేదు. నాకు నచ్చిన సంగతి ఇదే.

కొనేవారు వెడల్పు చూసుకోవాలి. మామూలు 15 మిల్లీమీటర్ల చుట్టలో పెద్ద తామరపువ్వు సగానికి తెగుతుంది. కాగితం పలుచన కాబట్టి నల్లని అట్ట మీద నీలం మసకబారుతుంది. తెల్లకాగితం మీదే బాగా కనిపిస్తుంది. తరచూ చేయి తగిలే చోట అతికిస్తే ముందు చెరిగేది రేకు గీతే.