హక్కు – కర్తవ్యము: రెండు విశ్వలేఖలలోని వాదము

కర్తవ్యమును నెరవేర్చినవానికే హక్కు కలదని పలువురు తలంతురు. అట్లయినచో కర్తవ్యము హక్కునకు చెల్లింపవలసిన వెల యగును. కతోలిక సామాజిక బోధ యిట్లు చెప్పుట లేదని మా యభిప్రాయము. దీనిని రెండు విశ్వలేఖలను బట్టి వివరింతుము.

1891లో 13వ లియో పోపు 'రేరుం నొవారుం' అను లేఖను వెలువరించిరి. కూలివాడు తక్కువ కూలికి సమ్మతించెను. యజమాని దాని నిచ్చెను. ఇంతటితో న్యాయము చెల్లినదా? చెల్లలేదని లియోగారి సమాధానము. ప్రాణమును కాపాడుకొనుట ప్రతిమనుజునకు కర్తవ్యము. పేదవానికి అందులకు సాధనము కూలి యొక్కటియే. కావున పొదుపుగా జీవించు కార్మికుని పోషణకు చాలని కూలి, అవసరమునకు లోబడి యాతడు సమ్మతించినను, అన్యాయమే. విడువరాని కర్తవ్యమునుండి పుట్టిన హక్కును విడుచుకొనుటకు వానికే స్వేచ్ఛ లేదు.

1963 ఏప్రిల్ 11న 23వ జాన్ పోపు ప్రకటించిన 'పాచెం ఇన్ తెర్రిస్' ఈ వాదమును విస్తరించినది. జీవించు హక్కునకు జీవమును రక్షించుకొను కర్తవ్యమును, సత్యాన్వేషణ హక్కునకు ఆ యన్వేషణమును నానాట విస్తరింపజేయు కర్తవ్యమును ఇందు జతగా జెప్పబడినవి. అంతియ కాదు, ఒకని హక్కు దానిని మన్నించు కర్తవ్యమును ఇతరులయందు కలిగించును. ఈ న్యాయముననుసరించి చూడగా, పసిబిడ్డ యే కర్తవ్యమును నెరవేర్పజాలకున్నను దాని హక్కు తఱుగదు. పెద్దల కర్తవ్యమే పెరుగును.

మన 'హక్కు' అరబ్బీనుండి వచ్చిన మాట. అచ్చట దానికి సత్యమనియు నర్థము కలదు. ఆ యర్థ మిచ్చటను పొసగును. ఈ లేఖల ననుసరించి హక్కు ఒకరు దయతో నొసగునది కాదు, మనుష్యస్వభావమునందే యున్నది. కర్తవ్యలోపమును సాకుగా జూపి దానిని నిరాకరించుట వీనికి సమ్మతము గాదు.