జోడీ పాటకు బదులు
కాంట్రాక్టు బ్రిడ్జిలో ఎదుటనున్న జోడీ 'ఒక ఆఠీను' అని పాట మొదలిడిరి. మన చేతిలో రాజుతో కూడి మూడు ఆఠీనులు, ఇస్పేటు రాణి, కళావరు జాకీ గలవు. తక్కినవన్నియు చిల్లర ముక్కలు. 'పాస్' అని ఊరకుందుమా? కూడదనియే మేమందుము.

ఆసుకు 4, రాజునకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున మన బలము 6. ఒకటితో మొదలిడినవారి బలము సుమారు 13 మొదలు 21 వరకు నుండవచ్చును. వారి చేత 20 ఉన్నచో ఉభయులకు 26. పది పట్టులతో గేము కాదగిన చేయి ఏడు పట్టుల ఒప్పందముతోనే ముగిసిపోవును. కావున 'రెండు ఆఠీనులు' అనవలెను. ఇది 6 మొదలు 9 వరకు గల బలమునకు గుర్తు. తొలిపాటకు అయిదు ఆఠీనులుండవలెనను పద్ధతిలో మన మూడు ముక్కలు చాలును.

ఆఠీనులు చాలక, ఇస్పేట్లు నాలుగున్నచో 'ఒక ఇస్పేటు' అందుము. అప్పుడు జోడీ పాస్ అనరాదు. మన బలము 6 కావచ్చును, 16 కావచ్చును. కొత్తగా ఆడువారు దీనినే మరచి జోడీని నడిదారిలో విడిచెదరు!

ఈ రెంటికిని వీలులేక బలము 9 దాటనిచో 'ఒక నో ట్రంప్' అనవచ్చును. రెండవ మెట్టున కొత్త రంగు పాడుటకు 10 అయినను కావలెను.