భయానక కథలయందు నా మక్కువ

దయ్యముల కథలు చదువు గృహిణిని జూచి నవ్వువారు మా యెల్లారెడ్డిలోను గలరు, కామారెడ్డిలోను గలరు. భాగవతము చదివినదానికి బేతాళునితో నేమి పనియని వారి ప్రశ్న. భరతముని భయానకమును రసములలో నొకటిగా నెంచెను గదా! శృంగారపద్యములు చదువుటకు సిగ్గుపడనివారు భయమునకేల సిగ్గుపడవలెను?

ఈ కథలు పరదేశపు సరకు గావు. కామారెడ్డికి ఉత్తరమున నిజామాబాదు జిల్లాలోనున్న భీమగల్లే పూర్వపు వేముగల్లని పండితులు చెప్పుదురు. ఆ సీమవాడైన కొరవి గోపరాజు 15వ శతాబ్దమున సింహాసన ద్వాత్రింశికను తెనుగు కావ్యముగా రచించెను. భోజరాజు విక్రమార్కుని సింహాసనము నెక్కబోవగా 32 ప్రతిమలు ఒక్కొక్కటిగా కథచెప్పి యడ్డగించును. కథ చెప్పునవి స్త్రీరూపములు. నిలిచి వినవలసినవాడు రాజు. ఈ యేర్పాటు నాకెంతయో యింపు.

ఆ విక్రమార్కునే 1947లో వెలసిన చందమామ పత్రిక మన యిండ్లకు దెచ్చినది. చిత్రకారుడు శంకర్ (1924–2020) వ్రాసిన బొమ్మను మరచినవారుందురా? చీకటి శ్మశానము, దూసిన కత్తి, భుజముమీద శవము. రాజు ముఖమున మాత్రము బెదురు లేదు. పాతకథలు ఇరువదియైదే, పత్రికవారు అదే చట్రములో వందలకొలది క్రొత్తకథలు నడిపిరి. బేతాళుడు భయపెట్టి యూరకుండడు, ప్రశ్న వేయును. తెలిసియు చెప్పకున్న తల పగులును. మంచి భయానకకథకు నేనెంచు గురుతు ఇదియే: భయము వెనుక ఆలోచన యుండవలెను.

ఇంగ్లండున మేరీ షెల్లీ 18 యేండ్ల ప్రాయమున మొదలిడిన ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ 1818లో వెలువడెను. అమెరికాలో 1923లో పుట్టిన ‘వియర్డ్ టేల్స్’ పత్రికకు 1930లలో పెక్కు ముఖచిత్రములు వ్రాసినది మార్గరెట్ బ్రండేజ్ యను స్త్రీయే. ఇది మగవారి వినోదమనువారు ఈ పేర్లు వినలేదు కాబోలు.

మన కాలపు గ్రంథములలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళము’ ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చి యెందరికో నిద్ర పోగొట్టినది. నేనును ఒక్క రాత్రిలో ముగించితిని. పసిపాపపై ప్రయోగించిన క్షుద్రవిద్య కథ యది. వైద్యుని మాటను, మాంత్రికుని మాటను రచయిత ఒకే త్రాసున నుంచెను. మూఢనమ్మకమును పెంచుచున్నదని రంగనాయకమ్మగారు ఆ నవలను ఖండించుచు ఒక గ్రంథమే వ్రాసిరి. కథనపుబిగిని నేను మెచ్చుకొందును, కాని ఈ విషయమున ఆమె పక్షమే నాది.

ఏలయన, మన తెలంగాణమున బాణామతి, చేతబడి యను మాటలు పుస్తకములలో మాత్రమే లేవు. ఆ నిందమోపి మనుష్యుల పండ్లూడగొట్టిన ఊళ్లున్నవి, ప్రాణములు తీసిన ఊళ్లును గలవు. మా పొరుగుపల్లెలో నొక బర్రె పాలివ్వకపోగా, ఒంటరి వితంతువు చేసిన పనియని గుసగుసలు లేచెను. పశువైద్యుడు వచ్చి పొదుగువాపని తేల్చి మందిచ్చెను, బర్రె కోలుకొనెను. అయినను ఆమె బిందెతో నల్లాకడకు వచ్చినపుడు కొందరు ప్రక్కకు తొలగుట నేను కన్నులార జూచితిని.

మధ్యాహ్నములందు పొరుగింటి పడుచులు నాకడ చేరి దయ్యపుకథ చదువుమందురు. చదువుదును. తులసిదళములో మాంత్రికుని మాట గెలువబోవు పుటవద్ద మాత్రము ఆగి, “ఆ బర్రె సంగతి యేమే?” యని యడుగుదును. కొందరు నవ్వుదురు. ఆ పల్లెనుండి వచ్చు పిల్లమాత్రము తలవంచుకొనును.