పులికీ బదిలీ ఉంటుంది

పిల్లలూ, కిందటి చలికాలంలో మన స్కౌట్స్, గైడ్స్ పిల్లలతో కలిసి జూబిలీ పార్కులోని టాటా జూకి వెళ్ళాను. 1994లో మొదలైన జూ అది. పులి దగ్గర ఆగగానే ఒకబ్బాయి, "ఇది ఇక్కడే పుట్టిందా మేడమ్?" అని అడిగాడు. 2025లో నాగపూర్‌లోని గోరేవాడ జూ నుంచి ఇక్కడికి పులులు వచ్చాయని చెప్పాను. "అయితే వీటికీ ట్రాన్స్‌ఫరేనా!" అని అందరూ నవ్వారు. ఆ ఏడాదే విశాఖ నుంచి వచ్చి ఆరో తరగతిలో చేరిన అమ్మాయి మాత్రం నవ్వలేదు. "వాటిని అడిగి తెచ్చారా?" అంది. అప్పటికి జవాబు తోచలేదు.

అడగరు. కానీ కారణం ఉంది. అడవిలో మగపులి పెద్దదయ్యాక తల్లిని వదిలి ఎంతో దూరం పోయి తన చోటు తాను వెతుక్కుంటుంది. జూలో గోడ దాటి ఎక్కడికి పోతుంది? ఉన్న నాలుగైదూ తోబుట్టువులే అయితే వాటికి పుట్టే కూనలు బలహీనంగా ఉంటాయి. తెల్లపులులనే చూడండి. జూలలో కనిపించేవి చాలావరకు 1951లో రీవా ప్రాంతంలో పట్టుకున్న మోహన్ అనే ఒక్క పులి సంతతే. దగ్గరి బంధువులనే జతకట్టిస్తూ పోవడంతో వాటిలో చాలా వాటికి పుట్టుకతోనే లోపాలు వచ్చాయి. అందుకే ఏ జంతువుకు తల్లిదండ్రులెవరో పుస్తకంలో రాసిపెట్టి, దాన్నిబట్టి జూలు జంతువులను మార్చుకుంటాయి. పులికి పులినే ఇవ్వాలని లేదు, పక్షులనైనా ఇవ్వవచ్చు. కేంద్ర జూ ప్రాధికార సంస్థ అనుమతి మాత్రం తప్పనిసరి. మనకు టీసీ లాంటిదన్నమాట!

ప్రయాణానికి ముందు బోనును తెచ్చి పులి ఉండే చోటే పెడతారు. అందులోనే మాంసం వేస్తూ కొన్నాళ్ళు అలవాటు చేస్తారు. మనకైతే సామాను కట్టడానికి వారం దొరికితే గొప్ప! దారిలో పశువైద్యుడు, దాన్ని సాకిన మనిషి తోడుంటారు. చేరాక వెంటనే జనానికి చూపించరు. జబ్బులేమైనా ఉన్నాయేమోనని కొన్ని వారాలు వేరుగా ఉంచుతారు. కొత్త వాసనలు, కొత్త గొంతులు కదా, చాలా జంతువులు మొదట్లో సరిగా తినవు. అప్పుడు తొందరపెట్టకుండా, రోజూ ఒకే మనిషి ఒకే వేళకు తిండి పెడతాడు.

తిరిగొస్తూ బస్సులో ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. కాసేపు కిటికీలోంచి సాక్చి బజారు చూస్తూ కూర్చుంది.

"నేనూ ఇక్కడ మొదటి మూడు రోజులు టిఫిన్ బాక్సు తెరవలేదు మేడమ్" అంది.